వెలుగుతో వైద్యము



నేను వైద్యుడను గాను. పదార్థవిజ్ఞానము చదివినవాడను గాను. ఉభయభాషాప్రవీణ పరీక్షనిచ్చి, ముప్పదియేండ్లకు పైగా ఉన్నతపాఠశాలలో పిల్లలకు తెలుగు పాఠములు చెప్పి, ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్నవాడను. అట్టివాడు లేసరు చికిత్సను గూర్చి ప్రసంగించుట ఏమి సాహసమని మీకు తోచవచ్చును. ఈ సాహసమునకు కారణము నా కుడికన్ను. ఆ కంటిలోపలి తెరమీద వేయికి మించిన చిన్నచిన్న కాలినమచ్చలు కలవు. అవి యుండుటచేతనే నేనీ కాగితమును చూచి చదువగలుగుచున్నాను. అట్టి మచ్చలు సకాలమున పడకపోవుటచేతనే మా అన్నగారు ఇంటివద్ద కూర్చుండి దీనిని చెవులతో మాత్రమే వినవలసివచ్చినది. ఆ మచ్చలు పెట్టిన వెలుగెక్కడ పుట్టినది, ఎవరెవరి చేతులమీదుగా మనవఱకు వచ్చినది, ఇకముందెక్కడికి పోనున్నది అను సంగతులను నాకు తెలిసినంతవఱకు మనవి చేసెదను.

మొదట పేరు. పేరునకు అర్థము తెలియనిదే వస్తువు జోలికి పోరాదని మా గురువుగారు చెప్పెడివారు. లేసరు అనునది నిజమునకు ఒక మాట కాదు. కొన్ని ఆంగ్లపదముల మొదటి అక్షరముల కూర్పు. వ్యాకరణము చదివినవారికిది వింత గాదు. పాణిని స్వరములన్నిటిని ‘అచ్’ అను ఒక్క ముక్కలోను, వ్యంజనములన్నిటిని ‘హల్’ అను ఒక్క ముక్కలోను ఇమిడ్చెను. వానికి ప్రత్యాహారములని పేరు. 1957వ సంవత్సరమున గోర్డన్ గౌల్డ్ అను అమెరికా విద్యార్థి తన నోటుపుస్తకములో వ్రాసికొన్న ఈ పేరు కూడ అట్టి ప్రత్యాహారమే. తెలుగున విడమరచి చెప్పినచో, ‘ప్రేరణచేత వెలువడు కిరణములతో వెలుగును పెంపుచేయుట’ అని అర్థము.

ఈ ప్రేరణ యననేమి? బడిపంతులను గనుక బడిలోని దృష్టాంతమే చెప్పెదను. సాయంకాలము గంట కొట్టగానే వందమంది పిల్లలు ఒక్కుమ్మడి కేకలు వేయుచు బయటపడుదురు. ధ్వని పెద్దదే, కాని ఎవని మాట వానిది, ఎవని శ్రుతి వానిది, ఎవని దారి వానిది. దీపపు వెలుతురట్టిది. ఆ వందమందియే ఉదయము ప్రార్థన పాడునపుడు ఒకే మాట, ఒకే శ్రుతి, ఒకే తాళము. లేసరు వెలుగట్టిది. ఇక పద్యము కంఠస్థము చేసి ఊరకున్న పిల్లవాని ప్రక్కకు, ఆ పద్యమునే చదువుచు మఱియొకడు వచ్చినచో, వీడును అప్రయత్నముగా గొంతు కలుపును. పరమాణువులును ఇట్లే చేయును. శక్తిని నింపుకొని యున్న పరమాణువు చెంతకు తగిన కిరణము వచ్చినచో, ఆ పరమాణువు అదే రంగు, అదే దిక్కు, అదే లయ గల మఱియొక కిరణమును విడుచును. ఒకటి రెండగును, రెండు నాలుగగును. అటునిటు అద్దములుంచి ఆ కిరణములను త్రిప్పి త్రిప్పి పంపినచో సన్నని, తీక్ష్ణమైన వెలుగుధార వెలువడును. ఈ ధర్మమును ఐన్‌స్టైన్ 1917వ సంవత్సరపు వ్యాసమున కాగితముమీద చూపెను. దానిని చేతలలో చూపుటకు లోకమునకు నలువదియేండ్లు పట్టినది.

వెలుగు వైద్యము చేయునను మాట మాత్రము అంతకంటె మిక్కిలి పాతది. చర్మముపైని తెల్లమచ్చలకు బావంచి గింజలను నూఱి పూసి, రోగిని ఎండలో కూర్చుండబెట్టుట మన ఆయుర్వేద వైద్యుల ఆచారము. ఆ గింజలలోని ద్రవ్యమును ఎండ మేలుకొలుపునని ఇరువదవ శతాబ్దిలో రసాయనశాస్త్రము తేల్చినది. మయూరకవి శతకముతో సూర్యుని స్తుతించి కుష్ఠువ్యాధిని పోగొట్టుకొనెనని ఐతిహ్యము. ఐతిహ్యమును ప్రమాణమడుగుట మర్యాద గాదు. కాని డెన్మార్కు దేశపు నీల్స్ ఫిన్సెన్ వైద్యునికి ప్రమాణము కలదు. ఆయన బలమైన విద్యుద్దీపము వెలుతురును కటకములతో ఒకచోట కూర్చి, ముఖమును తినివేయు చర్మక్షయకు చికిత్స చేసెను. 1896లో కోపెన్‌హాగన్ నగరమున ఆయన పేర కిరణచికిత్సాలయము వెలసినది. 1903లో వైద్యమునకు నోబెల్ బహుమానము వచ్చినది. ఆయన స్వయముగా చిరరోగి. బహుమానము వచ్చిన మఱుసటియేడే, నలువదిమూడేండ్ల ప్రాయమున దివంగతుడయ్యెను.

పిమ్మట జర్మనీ దేశమున మేయర్ ష్విక్కెరాత్ అను నేత్రవైద్యుడు బయలుదేరెను. 1945 జూలై నెలలో ఐరోపాఖండమున సూర్యగ్రహణము పట్టినది. గ్రహణమును ఉత్తకన్నులతో చూచి కంటితెర కాల్చుకొన్నవారి కన్నులను పరీక్షించుచుండగా ఆయనకొక ఆలోచన తట్టినది: కాలినచోట తెర అడుగుపొరకు అతుకుకొనుచున్నది గదా, తెరకు చిల్లి పడినవానికి ఆ చిల్లి చుట్టును కావలెననియే కాల్చినచో అది చిరుగక నిలువదా? ఆయన ఆసుపత్రి కప్పుమీదినుండి సూర్యకాంతిని అద్దములతో లోనికి దింపి రోగి కంటిలోనికి పంపెను. వైద్యము ఫలించినది, మబ్బు పట్టినపుడు మాత్రము వైద్యుడు చేతులు ముడుచుకొని కూర్చుండవలసివచ్చెను. తరువాత జీనాను వాయువుతో వెలుగు దీపమును చేయించుకొనెను. గ్రహణమువలన పోయిన చూపునుండి చూపును నిలుపు ఉపాయము పుట్టుట సృష్టిలోని చిత్రములలో ఒకటి.

ఇప్పుడు లేసరు పుట్టుకకు వత్తము. ఇది ఒక్క దేశపు బిడ్డ కాదు. 1954లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున చార్లెస్ టౌన్స్ పండితుడు తన శిష్యులతో కలిసి, కంటికి కనబడని సూక్ష్మతరంగములను ఇట్లు ప్రేరణచేత పెంపుచేసెను. దాదాపుగా ఆ కాలముననే మాస్కోలోని లెబెదెవ్ విద్యాలయమున బాసోవు, ప్రొఖోరోవు అను ఇద్దఱు పండితులు వేఱుగా ఈ మార్గముననే నడచుచుండిరి. 1959 సెప్టెంబరులో న్యూయార్కు రాష్ట్రమున జరిగిన విద్వత్సభకు ఆ రష్యా పండితులు వచ్చిరి. ఆ రెండు ప్రభుత్వములును ఒకదానిపై నొకటి అణ్వస్త్రములను ఎక్కుపెట్టుకొని కూర్చున్న దినములవి. ప్రభుత్వములు మాటలాడుకొనని తావున పండితులు మాటలాడుకొనిరి. 1964లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానమును ఈ మువ్వురకును కలిపి యిచ్చిరి.

ఈలోగా, 1960 మే 16వ తేదీని, కాలిఫోర్నియాలోని మాలిబూ అనుచోట థియొడోర్ మైమన్ అను యువకుడు మొట్టమొదటి లేసరును వెలిగించెను. ఆయన ఉపయోగించినది ఏమనుకొందురు? కెంపు! మన నవరత్నములలోని మాణిక్యము. గనిలోనిది కాదు, కృత్రిమముగా పెంచిన కెంపు కడ్డీ. ఆయన పంపిన వ్యాసమును అమెరికాలోని ప్రసిద్ధ పత్రిక త్రిప్పి పంపివేసినది. ఇంగ్లండులోని ‘నేచర్’ పత్రిక ఆ ఆగస్టులో అచ్చువేసినది. సమస్య లేకుండ పరిష్కారము పుట్టినదని అప్పుడు కొందఱు పరిహాసమాడిరి. ఆ పరిహాసము ఎంతోకాలము నిలువలేదు. 1961 డిసెంబరులో న్యూయార్కు వైద్యులొకరు రోగి కంటితెరమీది చిన్న కంతిని కెంపుకిరణముతో మాడ్చివేసిరి. పుట్టి రెండేండ్లు నిండకమునుపే లేసరు వైద్యశాలలో అడుగుపెట్టినది.

పిమ్మట కిరణములు పెక్కు పుట్టినవి. టెహరానులో పుట్టిన అలీ జవాన్ 1960 డిసెంబరులో వాయువుతో లేసరు చేసెను. మహారాష్ట్రములోని బారామతిలో పుట్టి, పూనాలో చదివి, అమెరికాకు వెడలిన కుమార్ పటేల్ 1964లో బొగ్గుపులుసువాయువుతో లేసరు చేసెను. ఆ యేడే విలియం బ్రిడ్జెస్ ఆర్గాన్ వాయువుతో నీలము, పచ్చ కిరణములను రప్పించెను. ఇన్ని రకములెందుకందురా? హంస నీరక్షీరములను వేఱుచేయునందురు. కిరణములకును అట్టి వివేకమున్నది. పటేల్ గారి కిరణమును నీరు త్రాగును. మన మాంసమున నీరే అధికము గనుక అది కత్తివలె కోయును, కోయుచునే రక్తనాళములను మూసివేయును. పచ్చని కిరణమును రక్తములోని ఎఱుపు త్రాగును. కంటిలోని పారదర్శకమైన భాగములను అది బాధింపక దాటిపోయి, వెనుకనున్న తెరను మాత్రము తాకును. రంగొక్కటియే గాదు, కాలపరిమాణము కూడ ముఖ్యము. వేడి ప్రక్కకు ప్రాకకముందే కిరణమును ఆపివేసినచో, కావలసినదియే కాలును, ప్రక్కనున్నది నిలుచును. ఈ సూత్రమును 1983లో బోస్టను వైద్యులు ఆండర్సన్, పారిష్ అనువారు స్థాపించిరి. పుట్టుకతో ముఖమున ఎఱ్ఱని మచ్చగల పసిపిల్లలకు నేడు జరుగు వైద్యమునకు అదియే పునాది. మూత్రపిండములలోని రాళ్లను పొడిచేయుటకు హోల్మియమ్ అను లోహపు పేరుగల లేసరు కలదు. ఆ కిరణమును రాయివద్దకు తీసికొనిపోవునది వెండ్రుకవంటి గాజునూలు. గాజునూలు శాస్త్రమునకు 1950 ప్రాంతములలో లండనులో పాటుపడినవారిలో పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ ఒకరు.

మఱియొక ముచ్చట చెప్పి ముందునకు పోయెదను. చెన్నపట్టణమున పుట్టి, మద్రాసు విశ్వవిద్యాలయమున చదివిన రంగస్వామి శ్రీనివాసన్ అమెరికాలోని ఐ.బి.ఎమ్. కంపెనీ పరిశోధనశాలలో పనిచేయుచుండెను. కంటికి కనబడని ఊదాతీత కిరణములనిచ్చు ఎక్సైమర్ లేసరు వారివద్ద నుండెను. 1981 నవంబరులో వారి కృతజ్ఞతాపర్వము గడచిన మఱునాడు, ఆయన విందులో మిగిలిన టర్కీకోడి ముక్కను పరిశోధనశాలకు తీసికొనిపోయి, దానిమీద ఈ కిరణమును ప్రయోగించెను. గీత పడినది, ప్రక్కన కాలిన గుర్తు లేదు. ఆయన, విన్, బ్లమ్ అను సహచరులు ఆ మహిమను గ్రహించిరి. 1983లో ఆయన ట్రోకెల్ అను నేత్రవైద్యునితో కలిసి, కంటి నల్లగ్రుడ్డుపైని పొరను ఈ కిరణముతో చెక్కవచ్చునని చూపెను. అటుపిమ్మట జర్మనీ, అమెరికా, గ్రీసు దేశముల వైద్యులు తలయొక చేయి వేసి దానిని చికిత్సగా తీర్చిరి. నేడు మన పిల్లలు కండ్లజోడు మానుకొనుటకు చేయించుకొను చికిత్స అదియే. మిగిలిన కూరముక్కనుండి ఇంత శాస్త్రము వచ్చినది!

ఇక నా కంటి సంగతి, మా అన్నగారి కంటి సంగతి.

మధుమేహము ముదిరినవారికి కంటితెరలోని సన్నని రక్తనాళములు మూసికొనిపోవును. రక్తము చాలని తెర ఆకలిగొని క్రొత్త నాళములను పిలుచును. అవి తొందరలో పుట్టిన బలహీనపు నాళములు. చిట్లి రక్తము కార్చును, చూపును కప్పివేయును. దీనికి లేసరువారి ఉపాయము మన రైతులెఱిగినదే. చెఱువులో నీరు చాలని యేడు ఏమి చేయుదుము? చివరిమళ్లను ఎండవిడిచి, నడిమిమళ్లను కాపాడుకొందుము. అట్లే తెర అంచులను వేయి చుక్కలుగా కాల్చి, అక్కడి ఆకలిని తగ్గించి, మధ్యనున్న చదువుచూపును కాపాడుదురు. ఇది మేలు చేయునా, చేయదా అని తేల్చుటకు 1970 దశాబ్దములో అమెరికాలోని 15 వైద్యశాలలు కలిసి ఒక పరీక్ష చేసినవి. 1,700 మందికి పైగా రోగులు పాల్గొనిరి. వారొప్పుకొన్న నియమమును తలచుకొన్నచో గుండె ఝల్లుమనును: ఒక కంటికి చికిత్స చేయుదురు, రెండవకన్ను అట్లే విడిచిపెట్టుదురు. రెండింటిని పోల్చి చూడనిదే నిజము తేలదు. 1976లో నిజము తేలినది. చికిత్స జరిగిన కండ్లలో చూపు దారుణముగా పోవుట సగమునకు పైగా తగ్గినది. వెంటనే విడిచిన కండ్లకు కూడ చికిత్స చేయవచ్చునని నియమమును మార్చిరి. పేరు తెలియని ఆ రోగులు తమ రెండవ కంటిని పణముగా పెట్టి కొన్న జ్ఞానమిది.

ఆ జ్ఞానము 1976లోనిది. 2008లో మా అన్నగారికి కంటిముందర నల్లని దారములు తేలియాడినవి. ఆయన పదవీవిరమణము చేసిన పోస్టుమాస్టరు. అప్పటికి మధుమేహము పట్టి ఇరువదియేండ్లు. మాకు ముప్పది మైళ్ల దూరమున ఉన్న పట్టణములో ఒకడు ‘లేసరు చికిత్స’ అని బోర్డు కట్టి ఒక దుకాణము పెట్టుకొని యుండెను. అక్కడొక ఎఱ్ఱదీపపు యంత్రము. మోకాలినొప్పికి అదే, చక్కెరవ్యాధికి అదే, కంటిజబ్బుకు అదే. అన్నగారు వారమునకు మూడుమార్లు పోయి ఆ ఎఱ్ఱని వెలుతురు ముందర కూర్చుండి, సొమ్ము చెల్లించి వచ్చెడివారు. నేనును వారించలేదు, ఇంకొకటి తెలిసియుండినగదా వారించుట! ఆఱునెలలకు ఒక ఉదయము రెండు కండ్లును ఎఱ్ఱనినీళ్లలో మునిగినట్లయ్యెను. హైదరాబాదులోని కంటి ఆసుపత్రికి తీసికొనిపోగా, అక్కడి వైద్యులు శస్త్రచికిత్స చేసిరి. కాని తెర అప్పటికే మచ్చకట్టి ఊడిపోయినది. ‘ఆఱునెలల ముందు లేసరు చేయించియుండవలసినది’ అని వారనిరి. తిరిగివచ్చు బస్సులో అన్నగారు చాలసేపు మాటలాడలేదు. తరువాత, ‘తమ్ముడూ, వాడు చూపినదీ లేసరే, వీరు చెప్పినదీ లేసరే. ఏది యేదో తెలియుటకు నాకు కండ్లు పోవలసివచ్చినవి’ అనిరి.

నాకు 2017లో అదే జబ్బు తలచూపినది. ఈసారి నేనాలస్యము చేయలేదు. గడ్డమును ఒక పీటమీద ఆనించి, కంటికి కటకమును అంటించి, పచ్చని వెలుగును తటతటలాడించిరి. కొన్నిచోట్ల సూదిపోటు, లేచినతరువాత కొంతసేపు లోకమంతయు ఊదారంగు. రెండు మూడు మార్లు పోవలసివచ్చినది. మునుపటికంటె ఇప్పుడు సందెచీకటిలో నడకకు తడబాటుగా నుండును. ప్రక్కచూపు కొంత తగ్గినది. ఎండవిడిచిన మళ్లవి. పోయిన చూపును లేసరు తిరిగి తెచ్చియీయదు. ఉన్న చూపును నిలుపును. ఈ సంగతిని ఎవరైనను మీకు వేఱువిధముగా చెప్పినచో నమ్మకుడు.

అయితే ఆ ఎఱ్ఱదీపమంతయు మోసమేనా? ఇక్కడ న్యాయము తప్పరాదు. 1960 దశాబ్దపు చివర బుడాపెస్టు నగరమున ఎండ్రే మెష్టర్ అను వైద్యుడు ఎలుకలకు బొచ్చు గొఱిగి, కెంపుకిరణముతో వానిలోని కంతులను కరగింపవలెనని చూచెను. ఆయన కిరణము మిక్కిలి బలహీనమైనది. కంతులు కరగలేదు, కాని కిరణము పడినచోట బొచ్చు తొందరగా మొలచినది. ఆశించినది జరుగలేదని పారవేయక, జరిగినదేమని ఆయన విచారించెను. తరువాత మానని పుండ్లపై ప్రయోగించి చూచెను. మందవెలుగు జీవకణములలోని శక్తియంత్రములను కదలించునని తరువాతివారి మతము. ఆ వాదము ఇంకను సాగుచున్నది. ఈ మార్గమున గట్టిగా నిలిచిన ఫలమొకటి కలదు. క్యాన్సరునకు మందులు, కిరణములు పుచ్చుకొనువారికి నోరంతయు పుండ్లుపడి గ్రుక్కెడు నీళ్లయినను మ్రింగలేని స్థితి వచ్చును. మందవెలుగు ఆ పుండ్లను నివారించునని ఫ్రాన్సు, బ్రెజిల్ దేశములును, మన కర్ణాటకములోని మణిపాల్ వైద్యులును పరీక్షించి చూపిరి. 2020లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకములు దీనిని అంగీకరించినవి. కాని దీనినిబట్టి అది మధుమేహమును కుదుర్చుననియు, కంటిలోని రక్తస్రావమును ఆపుననియు చెప్పుట, గంధపుచెక్క చలువ చేయునుగదా యని దానితో ఇల్లు కాలుచుండగా ఆర్పబోవుటవంటిది.

ఈ మందవెలుగు శాస్త్రము ఇన్నాళ్లు తగవులలో పడియుండుటకు ఒక కారణము కొలతలు. మా చిన్నతనమున మా యూరి మానిక వేఱు, పొరుగూరి మానిక వేఱు. ‘రెండు మానికలు’ అన్నచో ఎవరి మానికయని అడుగవలసియుండెను. ఇక్కడను అంతే. ఒకరు ఎఱుపు, ఒకరు కంటికి కనబడని పరారుణము. ఒకరు నిమిషము, ఒకరు పది నిమిషములు. ఒకరు దీపమును ఆనించి, ఒకరు జానెడు దూరమున. తక్కువైనచో ఫలము లేదు. ఎక్కువైనచో ఫలము తిరుగబడును. అందుచేత ఏ అల, ఎంత బలము, ఎంతసేపు, ఎంత మేర అని అందఱు ఒక్కతీరున వ్రాయవలెనని లేసరు చికిత్సకుల ప్రపంచసంఘము పట్టుపట్టినది. క్యాన్సరు రోగులకు ఈయవలసిన మోతాదులను 2022లో అనేక దేశముల పండితులు కలిసి ప్రకటించిరి. దేశములు కలిసి పనిచేయుట యనగా విమానములెక్కి సభలకు పోవుటయే కాదు. మొదట ఒక్క మానికకు ఒప్పుకొనుట.

కలిసినపుడే తేలు సంగతులు మఱికొన్ని కలవు. ఒకే మాయను పంచుకొను కవలలలో, అరుదుగా, ఒక శిశువు రక్తము రెండవశిశువునకు ప్రవహించును. ఒకటి ఎండును, ఒకటి ఉబ్బును. విడిచిపెట్టినచో తఱచుగా రెండును దక్కవు. తల్లికడుపులోనికి సన్నని గొట్టమును పంపి, మాయమీది ఆ నాళములను లేసరుతో మూయవచ్చును. కాని ఇది మేలా, అప్పటికి వాడుకలోనున్న ఉమ్మనీరు తీయు పద్ధతి మేలా? ఏ ఒక్క ఆసుపత్రికిని అంతమంది తల్లులు రారు. ఐరోపా, అమెరికాల వైద్యశాలలు కలిసి 142 మంది తల్లులను పరీక్షలో చేర్చుకొనినవి. లేసరు జరిగిన తల్లులలో 76 శాతమునకు కనీసమొక బిడ్డ దక్కినది. రెండవ పద్ధతిలో 56 శాతమునకు మాత్రమే. భేదము స్పష్టముగా కనబడగానే పరీక్షను ముందుగా ఆపివేసి, 2004లో ఫలితమును ప్రకటించిరి. నెలలు నిండక పుట్టిన శిశువుల కంటితెర జబ్బునకు లేసరు మేలా, కంటిలో సూదిమందు మేలా యని 2019లో ప్రకటించిన పరీక్షలో 26 దేశములకు చెందిన 225 మంది పసికందులు పాల్గొనిరి. సగటున దేశమునకు పదిమంది కూడ లేరు. ఒంటరిగా ఏ దేశమునకు ఏమి తెలిసియుండును?

ఇక ముందు రానున్న దానిని గూర్చి నాలుగు మాటలు. సూదిమందులు వచ్చిన తరువాత కంటివైద్యములో లేసరు ఏకచ్ఛత్రాధిపత్యము తగ్గినది. మధుమేహపు కంటిజబ్బునకు సూదిమందు లేసరునకు తీసిపోదని 2015లో అమెరికా పరీక్ష తేల్చినది. కాని సూదిమందునకు మరల మరల పోవలసియుండును. నడుమ మానివేసినవారికి, లేసరు చేయించుకొని మానివేసినవారికంటె ఎక్కువ హాని కలిగినట్లు తరువాత కనబడినది. బస్సుకూలీ లేక, పంటపని విడువలేక ఆసుపత్రికి పోలేని మన పల్లెవారికి ఈ భేదము చిన్నది కాదు. ఇట్టి విషయములలో వారి పరీక్ష వారికి సరిపోయినను, మన పరీక్ష మనము చేసికొనవలెను.

మఱియొకటి. 1985లో న్యూయార్కు రాష్ట్రపు రోచెస్టరు విశ్వవిద్యాలయమున, ఫ్రాన్సువాడైన జెరార్డ్ మూరూ, ఆయన శిష్యురాలు కెనడా వనిత డోనా స్ట్రిక్‌లాండ్ కలిసి, అత్యల్పకాలపు మహాతీక్ష్ణమైన లేసరు మెఱుపులను పుట్టించు ఉపాయమును కనుగొనిరి. 2018లో వారికి నోబెల్ బహుమానములో భాగము వచ్చినది. ఆ మెఱుపులు కంటిపొరను వేడి తగులనీయక కోయును. ఇట్టి మహాలేసరులను చెక్, హంగేరీ, రుమేనియా దేశములలో నెలకొల్పి, ఏ దేశపు పండితుడైనను యోగ్యతనుబట్టి వచ్చి వాడుకొనునట్లు ఐరోపావారు ఏర్పాటు చేసికొనిరి. ఎలుక బొచ్చును చూచి ఆశ్చర్యపడిన మెష్టర్ దేశమునకు ఇప్పుడట్టి భాగ్యము కలిగినది.

అదే రోచెస్టరులో నేత్రవైద్యము బోధించుచుండిన గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు తిరిగివచ్చి 1987లో హైదరాబాదున ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థను స్థాపించిరి. ఆ సంస్థ పల్లెల మధ్య చిన్న దృష్టికేంద్రములను పెట్టినది. అమెరికాలోను, మన దేశములోను తీసిన 1,28,000కు పైగా కంటితెర చిత్రములను చూపి, జబ్బును గుర్తుపట్టుట కంప్యూటరునకు నేర్పిన పరిశోధన 2016లో వెలువడినది. నాకు వీనిమీదనే ఆశ యెక్కువ. ఏలయన, మా అన్నగారికి కొఱతయైనది లేసరు కాదు. లేసరు అప్పటికి ఎన్నడో సిద్ధముగా నున్నది. సముద్రములు దాటి వచ్చిన శాస్త్రము మా పట్టణమునుండి మా యూరికి ముప్పది మైళ్లు దాటలేకపోయినది. ఆ ముప్పది మైళ్లలో ఎఱ్ఱదీపము దుకాణము కూర్చుండి యున్నది. కాలిఫోర్నియాకును మాస్కోకును నడుమ పడిన వంతెన, పట్టణమునకును పల్లెకును నడుమ కూడ పడవలెను. ఆ పరిశోధనకు నోబెల్ బహుమానము రాదు. కాని కండ్లు నిలుచును.

నాకిచ్చిన సమయము ముగియవచ్చినది. మధుమేహము కలవారందఱు, చూపు చక్కగానే యున్నను, ఏడాదికొకమారు కంటిపాపను మందుచుక్కలతో పెద్దదిచేయించి తెరను చూపించుకొనుడు. ఈ జబ్బు నొప్పి పెట్టదు, తలుపు తట్టదు. లేసరు చికిత్స యని ఎవరైనను చెప్పినపుడు మూడు ప్రశ్నలడుగుడు: ఇది యే కిరణము? నా జబ్బునకు ఇది మేలు చేయునని ఎక్కడ పరీక్షించిరి? దీనివలన నాకు కలుగు నష్టమేమి? మూడవ ప్రశ్నకు ‘నష్టమేమియు లేదు’ అని బదులు వచ్చినచో, లేచి బయటకు వచ్చివేయుడు. నిజమైన లేసరు నాకు సందెచూపును తీసికొని పగటిచూపును ఇచ్చినది. అట్లని ముందే చెప్పి ఇచ్చినది.

ఈ ప్రసంగమును వ్రాసిన పిమ్మట మా అన్నగారికి చదివి వినిపించితిని. ప్రతిదినము ఉదయము ఆయనకు వార్తాపత్రిక చదువుట నా పని గనుక అది క్రొత్త గాదు. దుకాణము సంగతి చెప్పవచ్చునా యని అడిగితిని. ‘చెప్పుము. దుకాణము పేరు చెప్పనక్కరలేదు. అట్టివి ఊరూరను ఉన్నవి. నేను ఆఱునెలలు పోయితినని మాత్రము తప్పక చెప్పుము’ అనిరి. ఆయన ఆజ్ఞను నెరవేర్చితిని.

సెలవు.